పొడి వాతావరణం

6 అక్టోబర్ 2023, శుక్రవారం

ఇయ్యాల మళ్ల డ్యూటీకి పోయిన. నా పెనిమిటి సతీశ్ పోయినంక ఇదే మొదలు.

మక్తల్‌ల మా ఆఫీస్ చిన్నది. పైనుంచి వాతావరణం రిపోర్ట్ వస్తది. నేను దాన్ని చదివి రికార్డ్ చేస్త. మంగళారం, శుక్రారం రైతుల ఫోన్లకు వాయిస్ మెసేజ్ పోతది. మా సార్ గులాం నబీ ఇంకొన్ని దినాలు లీవ్ పెట్టుకోమన్నడు. ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె అన్న. ఆయన ఫ్యాన్ బంద్ చేసి, తలుపు దగ్గరికేసి బయటికి పోయిండు. రికార్డింగ్‌ల ఫ్యాన్ సప్పుడు రావద్దు.

"రాగల ఐదు రోజులు వాతావరణం పొడిగా ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. వర్ష సూచన లేదు. పగిలిన పత్తిని ఏరుకోవచ్చు."

ఒక్క టేక్‌ల అయిపోయింది. గొంతు మంచిగొచ్చింది అన్నడు సార్. నేను గూడ విన్న. నిజమే. ఏమీ గానోళ్ల గొంతు లెక్కనే ఉన్నది.

7 శనివారం

ఎండ. గాలి లేదు. బట్టలు ఉతికిన.

8 ఆదివారం, పొద్దుగాల

రాయాలని కూసున్న. రాస్త.

పోయిన నెల సతీశ్ మా చేన్ల పత్తికి మందు కొడుతుండె. నేను ఆఫీస్‌ల ఉన్న. పిడుగులు పడొచ్చని రిపోర్ట్ వచ్చింది. అర్జెంట్ మెసేజ్ నేనే చదివిన. సతీశ్ విని ఫోన్ చేసిండు. రెండు సాళ్లు మిగిలినయ్, అయిపోంగనే ఇంటికి పోత అన్నడు. ఇంట్ల గింత గట్టిగ మాట్లాడవు గదా అని నవ్విండు గూడ.

సాళ్లు అయిపోలే.

ఊరోళ్లు దవాఖానకు తీసుకపోయిన్రు. డాక్టర్ చెయ్యి పట్టి చూసి, మెల్లగ కింద పెట్టిండు.

నాకు ఏడుపు రాలే. రాలేదని అందరు చూసిన్రు.

10 మంగళవారం

మెసేజ్ అదే. తారీఖులు మార్చి చదివిన. పొడిగా. నిర్మలంగా.

ఇంటికొచ్చెటాల్లకు సత్తమ్మ కూసున్నది. పత్తి ఏరే ఆడోళ్లను కూడేసి చేన్లకు తీసుకపోయేది ఆమెనే. మా పత్తి తెల్లగ పగిలి కింద రాలుతున్నదట. కానీ అండ్ల అడుగు పెట్టం అని ఆమె మనుషులు అన్నరట. పిడుగు పడ్డ జాగ. గీ మాట చెప్పనీకె ఆమెకు గూడ మంచిగ అనిపించలే. చాయ తాగకుంటనే లేసింది.

మా మామ కాటమయ్య అంతా విన్నడు. నా కొడుకును తిన్న చేను, అండ్ల గొర్లను తోలుత అన్నడు.

అత్తమ్మ లోపల బియ్యంల రాళ్లు ఏరుతున్నది. ఏరుడు ఆపింది. మళ్ల ఏరింది.

11 బుధవారం

మామ వాకిట్ల మంచం మీద పండి ఫోన్‌ల నా మెసేజ్ పెట్టుకుంటున్నడు. స్పీకర్ పెట్టి. నేను లోపల రొట్టెలు చేస్తున్న. వర్ష సూచన లేదు, వర్ష సూచన లేదు అని బయటికెల్లి నా గొంతే. నన్ను పిలిచి అడగొచ్చు. అడగడు. మెసేజ్ అయిపోంగనే మొగులు దిక్కు చూస్తడు.

ఆ దినం గూడ పొద్దుగాల మొగులు సాఫ్‌గనే ఉండె.

13 శుక్రవారం

పత్తిని ఏరుకోవచ్చు అనే కాడ ఆగిపోయిన. సార్ తలుపు తీసి నీళ్లిచ్చిండు. ఏడుస్తున్న అనుకున్నడు. ఏడ్వలే. గా ఇత్తనాలు సతీశ్ పెట్టిండు, గా చెట్లను గొర్లు తింటయ్, గంతే గుర్తొచ్చింది. మళ్ల మొదటికెల్లి చదివిన.

ఇంటికొచ్చి మామకు చెప్పిన, రేపు నేను చేన్లకు పోత అని. ఒక్కదానివా అన్నడు. అవు అన్న. వద్దన్నడు. గట్టిగనే అన్నడు. నువ్వు గూడ పోతే ఈ ఇంట్ల ఇంకెవరున్నరు అన్నడు.

అత్తమ్మ బయటికొచ్చింది. నా దిక్కు గాదు, మామ దిక్కు చూసి చెప్పింది.

"ఒక్కతెందుకు పోతది? నేను పోత."

14 శనివారం

ఊర్ల ఎంగిలిపూల బతుకమ్మ. మాకు ఈ ఏడు లేదు. ఆడోళ్లు పూలకు పోతుంటే మేం పత్తి ఏరనీకె నడుముకు ఒడి కట్టుకొని చేన్లకు పోయినం.

నాలుగు చెట్లు నల్లగ మాడి నిలబడ్డయ్. చుట్టూ తెల్లగ పత్తి. నేను పక్క సాలుకెల్లి మొదలువెట్టిన. అత్తమ్మ మాడిన చెట్ల కాడ కూసున్నది. ఆడ మట్టిని చేత్తోని సాపు చేసింది, పిల్లగాన్ని పండవెట్టే ముందు పక్క సర్దినట్లు. తర్వాత లేసి నా సాలుకు ఒచ్చింది.

ఎండ నెత్తిమీదికి వచ్చినంక మామ వచ్చిండు. చెప్పులు లేవు. చేన్లకు దిగలే, గట్టు మీదనే నిలబడ్డడు. మా దిక్కు చూడలే. నెత్తికి తువ్వాల చుట్టుకొని మొగులు దిక్కు మొఖం ఎత్తిండు.

"మీరు ఏరుండ్రి. నేను చూస్తుంట."

పొద్దుగూకే దాక కూసోలే. ఓపాలి కృష్ణా నది దిక్కు, ఓపాలి ఊరి దిక్కు, తల ఎత్తుకొని తిరుగుతనే ఉన్నడు. మబ్బు తునక గూడ లేదు. ఉత్త నీలం. అత్తమ్మ సద్ది ఇస్తే నిలబడే తిన్నడు. బుక్క నోట్ల పెట్టుకుంట గూడ పైకే చూపు.

పొద్దు వాలుతుంటే సత్తమ్మ, ఇంకిద్దరు ఆడోళ్లు పూలు తెంపుకొని అటుకెల్లి పోతున్నరు. మామను చూసి ఆగిన్రు. వాళ్లు గూడ మొగులు దిక్కు చూసిన్రు. పూల గంపలు గట్టు మీద పెట్టి చేన్లకు దిగిన్రు. మాడిన చెట్ల పక్క సాలు సత్తమ్మనే పట్టింది.

15 ఆదివారం

పత్తికాయల మొనలకు వేళ్లన్నీ గీరుకపోయినయ్. పొద్దుగాల నీళ్ల బకెట్‌ల చెయ్యి పెడితే మండింది. తీసిన.

మళ్ల పెట్టిన.