ఎవరి గుండె నుంచి

పుదుచ్చేరి

ప్రియమైన అఖిల్ గారికి,

ఫోనులో అడిగితే మాట మారుస్తున్నారు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. మన కార్తికది ఉత్త దగ్గు కాదట. ఆరేళ్ల పిల్లకు గుండె కండరం సాగిపోయి, రక్తాన్ని గట్టిగా నెట్టలేకపోతోందట. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం, కాలేయం ఉబ్బి అన్నం సహించకపోవడం, అన్నీ దానివల్లేనట. నీరు తీసే మందు, గుండెకు శ్రమ తగ్గించే మందు మొదలుపెట్టారు. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందట. తల్లిదండ్రులిద్దరికీ గుండె స్కానింగ్ తీయాలన్నారు.

మీ అన్నయ్య ముప్పయ్యేళ్లకే పోయారు. జ్వరంతో అన్నారు, నిజంగా జ్వరమేనా?

మీ హేమశ్రీ

యానాం

ప్రియమైన హేమా,

జ్వరమేనని ఎన్నిసార్లు చెప్పాలి? అన్నయ్య సంగతి ఇప్పుడెందుకు? బదిలీ మీద కొత్తగా వచ్చినవాణ్ణి, సెలవు ఇవ్వడం లేదు. పాపకు మందులు తప్పనివ్వకు. అన్నం తింటోందా? అది రాయి.

నీ అఖిల్

పుదుచ్చేరి

అఖిల్ గారికి,

తింటోంది. కాళ్ల వాపు తీసింది. ఆయాసం లేకుండా వెల్లకిలా పడుకోగలుగుతోంది.

స్కానింగ్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మీ అక్కకు ఫోన్ చేశాను. జ్వరం కాదులే అని, మిగతాది చెప్పకుండా పెట్టేసింది. పక్కింటి ఆండాళమ్మ మాకు తోడుగా ఆసుపత్రికి వస్తోంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "అమ్మాయ్, ఆ మనిషి ఏందో దాస్తా ఉండాడు" అంది. నాకూ అలాగే ఉంది. మీ ఇంట్లో గుండెజబ్బు ఉందని తెలిసే నన్ను చేసుకున్నారా?

హేమశ్రీ

యానాం

హేమా,

నిన్న కాకినాడ వెళ్లి స్కానింగ్ తీయించుకున్నాను. నా గుండె బాగుంది. రిపోర్టు జతచేశాను, డాక్టరుకు చూపించు.

అన్నయ్యది జ్వరం కాదు, గుండెజబ్బూ కాదు. బతకడం ఇష్టంలేక తనంతట తనే వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పనని అమ్మకు మాటిచ్చాను. నీకైనా చెప్పాల్సింది.

ఇద్దరికీ తీయాలన్నారని నువ్వే రాశావు. నీకు తీశారా?

అఖిల్

పుదుచ్చేరి

ప్రియమైన అఖిల్ గారికి,

తీయించుకోలేదు. మీ నుంచే వచ్చిందన్న అనుమానంలో నా సంగతే తలచుకోలేదు. మీ రిపోర్టు చూడగానే డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి స్కానింగ్ తీశారు. నా గుండె కూడా సాగి ఉందట. పాపకున్నంత కాదు, మందులతో అదుపులో ఉంచొచ్చన్నారు. అంత భారం మీరొక్కరే మోస్తుంటే, నేను మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను.

ఈ పొద్దున కార్తిక, నేను ఎదురెదురుగా కూర్చుని మాత్రలు వేసుకున్నాం. "నీకూ చేదేనా అమ్మా?" అని అడిగింది.

చేదే. సెలవు ఇవ్వకపోయినా రండి.

మీ హేమశ్రీ