చెయ్యి నొప్పి సంగతి

గౌలిపుర, మంగళవారం

తమ్ముడు రామలింగానికి అన్న రాసేది: బతికే ఉన్న, ఫికర్ చెయ్యకు.

పోయిన వారం పొద్దుగాల ఎడమ చెయ్యి గుంజింది, చెమటలు పట్టినయి. నలభై ఏండ్లు పాలక్యాను మోసిన చెయ్యి గదా, దాని నొప్పే అనుకొని ఆముదం రాసుకున్న. బాపుకు గూడ చెయ్యి గుంజితే మనిద్దరం చెరో పక్క కూసొని గిట్లనే రాసినం, యాదికుందా? ఆముదం మస్తు మంచిది, బాపే దక్కలే. పాలకొచ్చిన నర్సు అమ్మాజీ నా మొకం చూసి, "ఇది క్యాను నొప్పి కాదు తాతా, గుండె" అని ఆటో ఎక్కించింది. దవాఖానల "ఎంబడి ఎవరొచ్చిండ్రు?" అనడిగితే, "పాలు కొనేటామె" అని చెప్పిన. స్టెంటు వేసిండ్రు.

నిన్న ఫోన్ల నీ ఎడమ చెయ్యి గూడ గుంజుతుందంటివి. ఇంట్ల చెప్పలేదంటివి. దవాఖానకు పొమ్మంటే నవ్వినవు. ఇంట్ల ఫోను నీ ఒక్కని తాననే ఉండె, అందుకే కార్డు రాస్తున్న. దీన్ని పోస్టాయన చదువుతడు, మరదలు చదువుతది, ఇగ దాచలేవు. అందిన రోజే గుండె పరీక్ష చేయించుకో. బీడీ బంద్. చూడి బర్రె ఈనిందా?

అమ్మా మరదలా, వాని చెయ్యి పట్టుకొని నువ్వే తీస్కపో. ఎంబడి ఎవరని అడిగితే వాడు నీ పేరు చెప్పాలె.

అందరికి దీవెనలు.
సోమలింగం