వెనక స్పీకర్లు గోడకే బిగించాను

మాదాపూర్,
18-7-1999, ఆదివారం.

పుణెలో ఉన్న శ్రీవారికి,

వాసంతి నమస్కారం. ఇక్కడ నేను క్షేమం. కింది వాటాలో ఇంటివాళ్ళు చంద్రమ్మగారూ, బాలనర్సయ్యగారూ క్షేమం. మీ స్పీకర్లు అందరికంటే క్షేమం. ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి. నేను చాలా కోపంగా ఉన్నాను. శుక్రవారం ఫోన్లో లైను తెగిపోయేసరికి నోట్లోనే ఉండిపోయిన మాటలన్నీ ఇందులో రాస్తున్నాను.

ముందు మీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు చెప్తాను. లేకపోతే మళ్ళీ అవే అడుగుతారు.

టీవీకి అటూ ఇటూ ముందుండే స్పీకర్లు మార్చావా అన్నారు. మార్చాను. మీరు చెప్పిన కంపెనీవి మనం కొనగలిగేవి కావని కోఠీలో మొదటి కొట్లోనే తేలిపోయింది. రెండో కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, "మేడం, జర సార్‌ను తీస్కొని రండి. గివన్నీ లేడీస్‌కు సమజ్ కావు" అన్నాడు.

"సార్ పుణెలో ఉన్నారు. చెవులు నాకూ ఉన్నాయి, వినిపించండి" అన్నాను.

అతను వినిపించిన జతలో ఒకటి గరగరమంటోంది. ఆ మాటే అంటే, "అది సినిమాల సౌండే మేడం" అన్నాడు. కుడి తీగ ఎడమకీ, ఎడమ తీగ కుడికీ మార్చమన్నాను. గరగర ఆ స్పీకరులోనే ఉండిపోయింది. అప్పుడు లోపలికెళ్ళి మంచి జత తెచ్చాడు. పెట్టెలు లేకుండా ఉత్త స్పీకర్లే కొని, మన వీధి చివర వడ్రంగి నర్సింహ చేత ప్లైవుడ్ పెట్టెలు చేయించాను. వెనక్కి కొత్తవి కొనలేదు. ఇన్నాళ్ళూ ముందున్న పాతవే వెనక్కి మార్చాను. చేతిలో ఉన్నదానితో అయింది. మీరుంటే అప్పు చేసేవారు.

టీవీ, ఆంప్లిఫయర్ అట్టపెట్టెలు థర్మకోల్ ముక్కలతో సహా దాచమన్నారు. దాని జవాబు కాసేపట్లో చెప్తాను.

ఇక ఉత్తరం చివర, సంతకం పక్కన ఖాళీ మిగిలిందని కాబోలు, ఒంట్లో ఎలా ఉందని అడిగారు. జలుబు తగ్గింది. దగ్గు ఉంది.

వెనకవాటిని గోడకు బిగించొద్దు, స్టూళ్ళ మీద పెట్టు అని రాశారు. ఎందుకో రాయలేదు. స్టూళ్ళ మీద పెడితే సోఫా వీపు అడ్డొచ్చి చప్పుడంతా అందులోనే ఇంకిపోతోంది. అందుకని శుక్రవారం ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి గోడకే బిగిద్దామని మొదలుపెట్టాను. బల్ల మీద నిలబడి, రెండు మేకులు పళ్ళ మధ్య పట్టుకుని, మూడోది కొడుతున్నాను. తలుపు తీసే ఉంది. చంద్రమ్మగారు లోపలికి వచ్చారు. ఆవిడ వెనక ఎవరో కొత్త జంట.

"ఏందమ్మా, ఖాళీ జేసి పోయేటోళ్ళు గోడకు మొలలు గొడుతున్నరు?" అన్నారావిడ.

నోట్లో మేకులు తీసి, "ఎవరు ఖాళీ చేస్తున్నారండీ?" అన్నాను.

"మీ ఆయన ఫోన్ జేసి చెప్పిండు గద! ఆషాఢం పోంగనే పుణెకు పోతున్నమన్నడు. ఏంది, నీకు తెల్వదా?"

అప్పటికే ఆ కొత్తావిడ మన వంటింట్లోకి వెళ్ళి, నా పోపులడబ్బా పక్కకు జరిపి, గట్టు ఎంత పొడవుందో జానలతో కొలుస్తోంది. వాళ్ళాయన స్నానాల గది తలుపు తీసి చూస్తున్నాడు. నేను సుత్తి పట్టుకుని బల్ల మీదే నిలబడి ఉన్నాను. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. తెలుసని చెప్పడానికి నోరు రాలేదు. మీరు నాకు చేసింది అదండీ. ఇల్లు మారడం కాదు. నా కాపురం సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నట్టు పరాయివాళ్ళ ముందు నిలబెట్టారు.

స్టూళ్ళెందుకో, అట్టపెట్టెలెందుకో అప్పుడు అర్థమైంది. సామానంతా నా చేతే బాగు చేయించి, దానితోపాటు నన్నూ కట్టించుకుని పోదామనుకున్నారు.

బల్ల దిగి, "వంటిల్లు వదిలి బయటికి రండమ్మా, ఈ ఇల్లు ఖాళీ కావడం లేదు" అన్నాను. ఆవిడ భయపడింది. పాపం, ఆవిడ తప్పేముంది? మీ మీద కోపం ఆవిడ మీద పడింది. వాళ్ళు వెళ్ళగానే అటక మీది పెట్టెలన్నీ కిందికి లాగి, థర్మకోల్ ముక్కలతో సహా పాత సామాన్ల వాడికి వేసేశాను. అదీ మీ ప్రశ్నకు జవాబు.

తర్వాతే ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. ఫోన్లో ఏమన్నారో మీరు మరిచిపోయి ఉంటారు. నాకు ఒక్క ముక్క మరుపు రావడం లేదు. లైన్లోకి వస్తూనే మీరన్న మొదటి మాట, "సౌండ్ ఎలా ఉంది వాసంతీ?"

"ఇల్లు ఖాళీ చేస్తున్నామటగా?" అన్నాను.

మీరేమో, "నీకు సర్‌ప్రైజ్‌గా ఉంటుందని…"

"చంద్రమ్మగారికి చెప్పి నాకు సర్‌ప్రైజా?"

"ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవు కదా. నీ ఉద్యోగానిదేముంది, ఇక్కడా దొరుకుతుంది."

అక్కడ లైను తెగిపోయింది. తెగిపోవడమే మంచిదైంది. బూత్‌లో నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

నీ ఉద్యోగానిదేముంది! సైబర్ టవర్స్‌లో నా కింద ఆరుగురు పనిచేస్తున్నారండీ. రెండు వేల సంవత్సరం రాగానే తేదీలు తప్పుతాయని ఏ బ్యాంకు ప్రోగ్రాములను చూసి లోకమంతా వణుకుతోందో, అందులో ఒకదాన్ని మేము బాగు చేస్తున్నాం. మొన్న ఆ సంగతి రాస్తే మీరు తిరుగు టపాలో ఎర్ర తీగ ఎర్రదానికే కలిపావా అని అడిగారు. కలిపాను.

నిన్న పొద్దున కిందికి వెళ్ళి, ఇల్లు ఇంకో ఏడాదికి నా పేరు మీదే ఇమ్మని అడిగాను.

"రేపు ఆయనొచ్చి లొల్లి జేస్తే?" అన్నారు చంద్రమ్మగారు.

"చేస్తే నాతోనే చేస్తారండి. మీ దాకా రానివ్వను."

బాలనర్సయ్యగారు పేపరు దించి, "ఉండనియ్యి. ఇల్లు సాఫుగ పెట్టుకునే పిల్ల" అన్నారు. అంతే, పని అయిపోయింది.

ఇంతవరకూ ధైర్యంగానే రాశాను. ఇక్కడి నుంచి చెయ్యి ఆగుతోంది.

నేను కూడా మీకొకటి చెప్పలేదు. పోయిన నెలలో మా మేనేజరు రామచంద్రం గారు పిలిచి, "మీవారు పుణెలో ఉన్నారు కదమ్మా, మన ఆఫీసు అక్కడ కూడా ఉంది, బదిలీ కావాలా?" అని అడిగారు. "అక్కర్లేదండి, మా ఆయనే ఇక్కడికి వచ్చేస్తున్నారు" అని చెప్పేశాను. ఎక్కడా తడబడలేదు కూడా. మీరు వస్తానని ఎప్పుడూ అనలేదు. నేను రమ్మని అడగనూ లేదు. మీరు నాకు చెప్పకుండా ఈ ఇల్లు ఖాళీ చేశారు, నేను మీకు చెప్పకుండా పుణె ఖాళీ చేశాను. అడిగితే కాదంటారని నేనూ భయపడ్డాను. ఇది రాస్తే నా కోపానికి విలువ ఉండదేమోనని రెండు రోజులు ఆలోచించాను. రాసేశాక కూడా కోపం తగ్గలేదు. అంటే అది నిజమైన కోపమే.

వచ్చే శనివారానికి రైలెక్కి రండి. బదిలీ తీసుకోవాలో వద్దో, పుణె వదలాలో వద్దో ఎదురుబొదురుగా కూర్చుని తేల్చుకుందాం. మీరు అడగండి, నేను చెప్తాను. నేను అడుగుతాను, మీరు చెప్పండి. ఎవరి తరఫునా ఇంకొకరు జవాబు చెప్పొద్దు.

నిన్న సాయంత్రం వెనకవి గోడకే బిగించి, తీగలన్నీ కలిపి, వాన కురిసే ఘట్టమున్న సినిమా సీడీ ఒకటి పెట్టాను. చప్పుడు ఎక్కువైందని కాబోలు చంద్రమ్మగారు పైకి వచ్చారు. గుమ్మంలోనే ఆగి, చీర చెంగు తలమీదికి లాక్కుని వాకిట్లోకి చూశారు. బయట చినుకు లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ సోఫాలో కూర్చుని సినిమా అయిపోయేదాకా కదల్లేదు.

వెళ్తూ, "మంచిగ కుదిరింది బిడ్డా. మీ ఆయనకు నచ్చుతది" అన్నారు.

"నాకు నచ్చిందండి" అన్నాను.

ఇట్లు,
కోపం తీరని మీ భార్య,
వాసంతి.