ఇరవైకి పదమూడు

జూన్ 3, సోమవారం

ఈ ఏడాది నుంచి నాకు బుర్ర అక్కర్లేదట. సాఫ్ట్‌వేర్ వచ్చింది.

వేరే దేశాల స్కూల్ ఫైనల్ సర్టిఫికెట్లతో యూనివర్సిటీకి అప్లై చేసే పిల్లల ఫైళ్ళన్నీ మా సెక్షన్‌కే వస్తాయి. ఇన్నాళ్ళూ చేత్తోనే చూసేవాళ్ళం. ఒక్కో బోర్డుది ఒక్కో తంతు. ఒకచోట ఒకటి వస్తే ఫస్ట్, ఇంకోచోట ఒకటి వస్తే ఫెయిల్. కొన్ని బోర్డులు మార్కులు దోసిళ్ళతో పోస్తాయి, కొన్ని చిటికెతో వేస్తాయి. ఏ బోర్డు చెయ్యి ఎలాంటిదో తెలుసుకోవడమే మా ఉద్యోగం. ఇక్కడి పర్సెంటేజీలో ఇంత అని రాసి, ఏ సబ్జెక్టు ఇక్కడ మళ్ళీ చదవక్కర్లేకుండా క్రెడిట్ ఇవ్వచ్చో రాసి, సంతకం పెడితే ఆ పిల్లకి సీటు. లేకపోతే లేదు.

ఇప్పుడు నంబర్ కొడితే చాలు, లెక్క అదే కడుతుంది. డెమో ఇస్తున్నంతసేపూ డైరెక్టర్ గారి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. ఇరవైకి పదమూడు కొట్టి చూపించారు. ఇంటూ ఐదు, అరవై ఐదు. నేను ఊరుకోవచ్చు కదా. చెయ్యెత్తి, సార్, ఆ బోర్డులో పదమూడంటే చాలా గొప్ప, పదహారొచ్చిన పిల్లాడి ఫోటో పేపర్లో వేస్తారు అన్నాను. అందరికీ ఒకటే కొలతైతే ఏ గొడవా ఉండదమ్మా అన్నారు. పోయినేడు ఎవరో కంప్లైంట్ పెడితే ఆడిట్ వాళ్ళు వచ్చి ఆయన్ని నానా యాగీ చేశారు. ఆ భయం ఇంకా వదల్లేదు.

మీటింగులో టీ మాత్రం బాగుంది.

జూన్ 4, మంగళవారం

మా అమ్మాయికి తొంభై ఆరు వచ్చింది. పుట్టి మునిగినట్టు తలుపేసుకుని ఏడుస్తోంది. క్లాసులో సగం మందికి తొంభై ఎనిమిదట. ఆ రెండు మార్కులూ ఎవరెత్తుకుపోయారో కనుక్కుందాం పదవే అని మా ఆయన జోక్ వేశారు. అది ఇంకా పెద్దగా ఏడ్చింది. నాకు జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది.

జూన్ 6, గురువారం

కౌంటర్ డ్యూటీ. తల్లీ కూతురూ వచ్చారు. తల్లి ఇక్కడ ఏదో హాస్పిటల్ లాండ్రీలో చాలా ఏళ్ళుగా పని చేస్తోందట. యూనిఫాం మీదే వచ్చేసింది. నీళ్ళల్లో నాని నాని వేళ్ళు పాలిపోయి ఉన్నాయి. కూతురు వాళ్ళ దేశంలోనే అమ్మమ్మ దగ్గర పెరిగి, హాస్టల్ స్కూల్లో చదువుకుని, పోయినేడు పాసై, పోయిన నెలే తల్లి దగ్గరికి వచ్చింది. నర్సింగ్‌కి అప్లై చేసింది.

మార్క్ షీట్ రెండు చేతులతో అందించింది. పదమూడు పాయింట్ నాలుగు. బయాలజీలో పధ్నాలుగు! ఆ బోర్డువాళ్ళు బయాలజీకి పధ్నాలుగు వెయ్యడం నా సర్వీసులో చూడలేదు. ఫస్టియర్ బయాలజీ క్రెడిట్ కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యచ్చు. అబ్బో అని నోరు జారాను. ఆ పిల్ల మొహం చూడాలి. వాళ్ళ స్కూలు మొత్తానికి ఇదే ఫస్టండీ అని తల్లి మొదలెట్టబోతే, ఊరుకోమని చెయ్యి గిల్లింది.

నంబర్ కొట్టాను. అరవై ఏడు. నర్సింగ్ కటాఫ్ డెబ్బై.

స్క్రీన్ నా వైపే ఉంది కాబట్టి వాళ్ళకి కనబడలేదు. ఫైలు చూసి కబురు చేస్తాను అన్నాను. నెలాఖరుకల్లా అడ్మిషన్ కాగితం చూపించకపోతే పిల్లకి ఇక్కడ ఉండే పర్మిట్ అయిపోతుందమ్మా, పంపించేస్తారు, నెలాఖరు, మర్చిపోకండమ్మా అని తల్లి వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి మళ్ళీ చెప్పింది.

జూన్ 7, శుక్రవారం

అరవై ఏడు తీసేసి, మా పాత లెక్క ప్రకారం ఎనభై ఆరు వెయ్యబోయాను. సిస్టమ్ ఒప్పుకోలేదు. మార్చే పాస్‌వర్డ్ డైరెక్టర్ గారి ఒక్కరి దగ్గరే ఉందట.

ఆయన రూముకి వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఒకదానికి మారిస్తే రేపు ఊరంతా నా గుమ్మం ముందుంటుంది అన్నారు. ఉండనివ్వండి సార్, వాళ్ళకీ న్యాయం చేద్దాం అన్నాను. ఒంటికాలి మీద లేచారు. నీకు ఈ పిల్ల ఏమవుతుందని అడిగారు. ఏమీ కాదు. ఏమైనా అయితేనే అడగాలా?

కాసేపటికి చల్లబడి, సరే, ఆ మార్కుకి అక్కడ విలువేమిటో బోర్డు నుంచో స్కూలు నుంచో అఫీషియల్‌గా తెప్పించు, కమిటీలో పెడతాను అన్నారు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. చెడ్డవాడితోనే వేగడం తేలికేమో.

జూన్ 9, ఆదివారం

ఉతికిన దుప్పట్లు మడత పెడుతుంటే ఆ తల్లి వేళ్ళు గుర్తొచ్చాయి.

జూన్ 12, బుధవారం

బోర్డుకి మెయిల్ పెడితే తిరిగొచ్చింది. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. అక్కడ ఆఫీసులన్నీ సమ్మెలో ఉన్నాయట. ఎప్పుడు తెరుస్తారో దేవుడికే తెలియాలి. ఇక మిగిలింది స్కూలు.

జూన్ 14, శుక్రవారం, మధ్యాహ్నం

హెడ్మాస్టర్ గారు దొరికారు! ఆ అమ్మాయే స్కూలు నంబర్ ఇచ్చింది. పెద్దాయన. లెక్కలు కూడా ఆయనే చెబుతారట. లైను తెగుతూ అతుక్కుంటూ ఉన్నా నవ్వు మాత్రం ఖంగుమని వినిపించింది. ఆ అమ్మాయి పేరెత్తగానే, మా బంగారు తల్లి, పదమూడు పాయింట్ నాలుగు, మా స్కూలు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ రాలేదండీ అన్నారు.

ఎలా చెప్పాలో తెలియక మొదటి నుంచీ చెప్పాను. ఇక్కడ ఇరవై అంటే నూరు. పదమూడంటే అరవై ఐదు. ఆ కోర్సుకి డెబ్బై కావాలి. మా వాళ్ళ కళ్ళకి మీ పిల్ల మామూలు పిల్లలా కనబడుతోంది. మరి మీ పిల్లలకి ఎంతొస్తాయని ఆయన అడిగారు. మా అమ్మాయికి తొంభై ఆరొస్తే రెండు పూటలు అన్నం మానేసింది అన్నాను. ఎంత నవ్వారో. ఇరవైకి పంతొమ్మిదా, మాకు టీచర్లకి కూడా రావండీ అది అన్నారు. నేనూ నవ్వాను.

అమ్మాయి క్లాసులో ఎన్నో స్థానం, అక్కడ పదమూడు ఎంతమందికి వస్తుంది, ఈ రెండు ముక్కలూ లెటర్‌హెడ్ మీద రాసి ఆఫీసు మెయిల్‌కి పంపమన్నాను. అర్థమైందమ్మా, మొత్తం అర్థమైంది, నాకొదిలెయ్యి, నేను చూసుకుంటాను అన్నారు.

ఈ వారంలో ఇవాళే ఆకలేసింది.

జూన్ 18, మంగళవారం

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఏమైందని అడగలేదు. నర్సింగ్ స్టూడెంట్ల యూనిఫాం ఏ రంగని అడిగింది. తెలుపు అన్నాను. నాకు తెలియదు నిజానికి.

జూన్ 20, గురువారం

మెయిల్ వచ్చింది. ఆఫీసు మెయిల్‌కి వచ్చే కాగితాలన్నీ సిస్టమే ఫైల్లోకి ఎక్కిస్తుందట, నాకంటే ముందు అదే చూసింది.

ఆయన లెటర్ రాయలేదు. కొత్త మార్క్ షీట్ పంపారు. అదే పిల్ల, అదే పరీక్ష, అదే స్టాంపు, ఆయన సంతకం. మొత్తం పద్దెనిమిది పాయింట్ ఆరు. బయాలజీలో పంతొమ్మిది. అడుగున చేత్తో, మీ కొలత ప్రకారం సరిచేసి ఇవ్వడమైనది అని రాశారు. దాని పక్కన ఇంకో సంతకం.

లెక్కల మాస్టారు. నేను చెప్పినదాన్ని లెక్కగా తీసుకున్నారు. చేసి పంపారు. ఆయన దృష్టిలో అది దొంగతనం కాదు, మీటర్లని గజాల్లోకి మార్చడం.

పాత షీటూ కొత్త షీటూ కలవకపోయేసరికి ఫైలు మీద ఎర్ర మార్కు పడింది. 

జూన్ 21, శుక్రవారం

డైరెక్టర్ గారికి కథంతా చెప్పాను. దాచలేదు. ఫోన్‌లో ఏం చెప్పానో, హెడ్మాస్టర్ గారేం అర్థం చేసుకున్నారో అంతా చెప్పాను. మోసం చేసేవాడు అడుగున రాసి మరీ సంతకం పెడతాడా సార్ అన్నాను. ఒప్పుకున్నాడు కూడా, ఇంకేం కావాలి అన్నారు. ఎర్ర మార్కు పడ్డాక తన చేతుల్లో కూడా లేదట. ఫోర్జరీ కింద పిల్లకి మూడేళ్ళు బ్యాన్. ఇక్కడే కాదు, మా సిస్టమ్ వాడే ప్రతి యూనివర్సిటీలోనూ.

నోట్ రాయమన్నారు. రాశాను. నా ఫోన్ కాల్ గురించి ఒక పేరా రాశాను. ఆయన తీసేశారు. అది ఉంటే నువ్వే నేర్పించావంటారు, నీ ఉద్యోగం పోతుంది, పిల్లకి సీటు మాత్రం రాదు, ఎందుకమ్మా అన్నారు. ఆ స్కూలుకి ఇక ఫోన్లు గానీ మెయిళ్ళు గానీ వద్దన్నారు. గొంతు మెత్తగానే ఉంది. నిజంగానే నా మంచి కోరారు.

సంతకం పెట్టాను. తేదీ కూడా పొందిగ్గా వేశాను. అదే అసహ్యంగా ఉంది.

జూన్ 23, ఆదివారం

ఏమీ లేదు.

జూన్ 25, మంగళవారం

కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పడం ఇష్టం లేక, వాళ్ళని స్టోర్ రూములో కూర్చోబెట్టి చెప్పాను. పాత ఫైళ్ళ కట్టలు, విరిగిన ప్రింటర్, మూడు కుర్చీలు. తల్లికి ముందు అర్థం కాలేదు. మా మాస్టారు అలా చెయ్యరమ్మా, ఆయన దేవుడు అంది. ఎవరినైనా కలిసి కాళ్ళు పట్టుకోనా అని అడిగింది. ఎవరి కాళ్ళని చెప్పను?

అమ్మాయి కాగితం తీసుకుని చూసింది. పద్దెనిమిది పాయింట్ ఆరు మీద వేలు పెట్టి, ఇది నాది కాదు కదండీ అంది. నాకు పదమూడు పాయింట్ నాలుగు వచ్చాయి, నేనే తెచ్చుకున్నాను, అవి ఎందుకు చాలలేదు అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలియక అడిగింది. గుడ్ల నీరు కుక్కుకుని, నాదే తప్పమ్మా, ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను అన్నాను. అది కూడా సగం నిజం. సరిగ్గానే చెప్పాను. నేను చెప్పిన ఆ కొలతే సిగ్గుమాలినది, మంచివాడు దాన్ని నిజమని నమ్మాడు.

వెళ్ళే ముందు ఒక్కటే అడిగింది. ఈ సంగతి సార్‌కి చెప్పకండి, గుండె ఆగిపోతుంది ఆయనకి అంది. తను కూడా స్కూలు వైపు వెళ్ళదట, తిన్నగా అమ్మమ్మ ఊరెళ్ళిపోతుందట. ఒట్టేయించుకుంది. వేశాను. ఒట్టు వెయ్యడం తేలికే, ఎలాగూ మా డైరెక్టర్ గారు నా నోటికి ముందే తాళం వేశారు.

జూన్ 30, ఆదివారం

ఇవాళ వెళ్ళిపోయి ఉంటుంది. తల్లికి సెలవు ఇచ్చారో లేదో, బస్టాండు దాకానైనా వెళ్ళిందో లేదో. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.

మా అమ్మాయి రీవాల్యుయేషన్‌కి అప్లై చేస్తానంది. ఏం చెప్పానో గుర్తులేదు. నన్ను చూసి భయపడింది. తర్వాత మా ఆయన వచ్చి, పిల్ల ఏం చేసిందని అడిగారు. ఏమీ చెయ్యలేదు. ఏడుస్తూ కూర్చున్నాను.

జూలై 3, బుధవారం

సాఫ్ట్‌వేర్ బాగా పని చేస్తోందని సర్కులర్ వచ్చింది. పెండింగ్ ఒక్కటి కూడా లేదట. మా సెక్షన్‌కి అభినందనలు.

జూలై 9, మంగళవారం

హెడ్మాస్టర్ గారు ఫోన్ చేశారు. మా బంగారు తల్లి యూనిఫాం వేసుకుందా అని అడిగారు. హలో, వినబడుతోందా అన్నాను. లైను సరిగ్గా లేదనుకున్నారు, గట్టిగా మాట్లాడారు. సమ్మె అయిపోయి ఈ ఏడాది రిజల్ట్స్ వచ్చాయట. ఏడుగురు పిల్లలు అసలు షీట్లతో మా దగ్గరికే అప్లై చేశారట. నాకు శ్రమ లేకుండా అందరివీ మా కొలతలోకి మార్చి పొద్దున్నే ఆఫీసు మెయిల్‌కి పంపేశారట. పద్దెనిమిది సరిపోతుందా అమ్మా, ఇంకాస్త వెయ్యమంటావా అని అడుగుతున్నారు.