సుజాత ఉత్తరం

చిక్కడపల్లి, 15 జూలై 2012, ఆదివారం రాత్రి

మనవరాలు కావ్య నారాయణగూడలో సినిమాకు తీసుకెళ్లింది. హాస్టల్లో పిల్లల్ని హింసించే సంగతిని విలేకరులు బయటపెట్టే కథ. ఆ విలేకరులు తినరు, నిద్రపోరు, అయినా చొక్కా నలగదు.

బయటికి రాగానే అడిగింది: "అమ్మమ్మా, నువ్వు గూడ హాస్టల్ల టీచర్‌వే గదా. గట్ల ఎవరన్న చెప్తే ఏం చేస్తుంటివి?"

"ముందుగాల ఆటో పిలువు," అన్నాను.

నన్ను దింపి వెళ్లిపోయింది. జవాబు వినడానికి ఇంట్లో ఎవరూ లేరు కనుక రాస్తున్నాను.

అప్పట్లో మా హాస్టల్ పిల్లలు ఇంటికి రాసే ఉత్తరాలు నేను చదివాకే పోస్టుకు వెళ్లేవి. "వార్డెనమ్మ కొడుతున్నది, తీస్కపో నాయినా" అని ఒకసారి సుజాత అనే పిల్ల రాసింది. "ఇంట్ల పరేషాన్ అయితరు" అంటూ నేను ఆ వాక్యం కొట్టేసి, మళ్లీ రాయించాను.

"నేను క్షేమం" అని రాసింది. దస్తూరి బాగుందని మెచ్చుకున్నాను.