వెనక చక్రం నట్టు ఊడింది

బాపూ, నీ బండి వెనక చక్రం నట్టు ఊడదీసిన! మెకానిక్ కాదు, నీ బిడ్డనే!

నువ్వు పోయి ఏడాదాయె. బండి గోడకు ఆనుకొనే ఉండి నట్టు తుప్పు పట్టింది. డీజిల్ పోసి నానబెట్టిన, సుత్తెతోని కొట్టిన, జర కూడా కదలలే. ఆఖరికి పానాకు నీ ఇనుప పైపు తొడిగి, దాని మీదెక్కి నిలబడ్డ. టక్కుమన్నది! నేను కింద పడ్డ. అవ్వ ఉరికొచ్చి, "మీ బాపు బిగిస్తే గట్లనే ఉంటది" అని ఒకటే నవ్వుడు.

అరిగిన టైరు తీసి కొత్తది వేసిన. రేపు అవ్వను భూపాలపల్లి దవాఖానకు నేనే తీస్కపోత!

ముందు చక్రం మంచిగనే ఉంది. దాని నట్టు ముట్టలే బాపూ. నువ్వు బిగించిన కాడనే ఉంది.