గోడ తప్ప అందరం క్షేమం

14-7-46

తమ్ముడు దావీదుకు అక్క మార్తమ్మ దీవించి రాయించేది. గోడ తప్ప ఇక్కడ అందరం క్షేమం.

ఇల్లు అమ్మకానికి పెట్టి రెండు నెలలైనా చూడ్డానికి ఒక్కడూ రాలేదేంది, బిట్రగుంటలో స్థలం చేజారిపోయేట్టుందని కోప్పడ్డావు. ఎట్టా వస్తార్రా? "పడమటి గోడ వాలింది, జొన్న బస్తాలు అడ్డం వేయించు. కురిసిన చారలకు సున్నం కొట్టించు. తేళ్ల సంగతి ఎత్తమాక" అని మొదట్లోనే కార్డు ముక్క మీద రాస్తివి. నాకా చదువు రాదు. మన పోస్టు చిన్నప్పే చర్చిలో వాక్యం చదివేదాయె. ఆదివారం ఆరాధన అయ్యీకాంగానే అక్కడే కార్డు తీశాడు. చదవమన్నా. వాక్యం చదివే గొంతుతోనే చదివాడు. అలవాటు కొద్దీ జనమంతా ఆమెన్ అన్నారు. ఇంక ఇంటికొచ్చి చూసేదేముంది?

ఈసారి కవరులో రాసి చావు. పిల్లదాని దగ్గు తగ్గిందా? మరదలికి గోంగూర పచ్చడి పంపుతా, జాడీ మాత్రం తిరిగి రావాల. కిరసనాయిలు దొరికితే ఒక సీసా తీసుకురా.

బుధవారం మాచర్ల నుంచి ఒకాయన ఇల్లు చూడ్డానికొస్తున్నాడు. పొరుగూరాయన, ఏం తెలియదు. బస్తాలు వేయించా. ఇది రాసే చిన్నప్ప కూడా ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాల.

దావీదూ, నేను చిన్నప్పను. మీ అక్క చదవలేదు గనక ఈ మూలన రాస్తున్నా. మాటిచ్చింది ఇయ్యాలే. మాచర్లాయన మా బావమరిది, మొన్ననే వచ్చిపోయాడు. నీ కార్డు నాకు నోటికొచ్చు. ఆయనా ఆమెన్ అన్నాడు.